బొమ్మలో బొమ్మ

ఆడుకునేదీ బొమ్మే, గీసేదీ బొమ్మే, తీయించుకునేదీ బొమ్మే, తెర మీద పడేదీ బొమ్మే. కొండపల్లిలో చెక్కినదానినీ, బాపు గీసినదానినీ, స్టూడియోలో దిగినదానినీ, థియేటరులో ఆడుతున్నదానినీ తెలుగువాళ్ళం ఒకే మాటతో సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషువాడు వీటికి వేరువేరు మాటలు వాడతాడు. కనుక "చేతిలో బొమ్మతో ఉన్న పిల్ల బొమ్మ" అన్నప్పుడు మనకు కలిగే చిన్న తికమక అతనికి కలగదు. ఆ తికమకను భాషాలోపమని నేననుకోను. పిల్లల ఛాయాచిత్రాల్లో కనిపించే బొమ్మల గురించి ఆలోచించడానికి మన భాష ముందుగానే వేసిపెట్టిన దారి అది.

ఆ బొమ్మ అమాయకత్వానికి ప్రతీక అని కొందరంటారు, ఆడపిల్ల విషయంలో రాబోయే మాతృత్వానికి సూచన అని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ ఉప్పల్, నాచారం ఇళ్ళ గోడల మీద, బీరువాల్లో చీరల కింద దాచిన ఆల్బముల్లో ఈ చిత్రాలను చాలాకాలంగా చూస్తూ వచ్చిన నాకు ఆ వ్యాఖ్యానాలు చాలడం లేదు. నా మట్టుకు నాకు తోచినది ఇది: స్టూడియో చిత్రంలో పిల్ల పట్టుకున్న బొమ్మ పిల్లది కాదు, పెద్దలది. అది వారి కోరిక. అయినా అది చేతిలో ఉన్నంతకాలం పిల్లకు ఒక స్థానముండేది. బొమ్మను పట్టుకున్న మనిషి అన్న స్థానం అది. ఇప్పుడు ఆ బొమ్మ చేతిలోంచి జారిపోయింది, దాని స్థానంలోకి బిడ్డే వచ్చి చేరింది. నన్ను కలవరపెడుతున్నది ఈ మార్పే.

ముందు ఈ ప్రాంతం గురించి రెండు మాటలు. ఉప్పల్, నాచారం పాతబస్తీ వంటివి కావు. ఇక్కడ దేవిడీలు లేవు, నూరేళ్ళ నాటి ఆల్బములు లేవు. వరంగల్లు రహదారి నగరంలోకి అడుగుపెట్టే చోటు ఉప్పల్. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు. పక్కనే హబ్సిగూడలో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయాలు. ఒకే సిటీబస్సులో శాస్త్రజ్ఞుడూ, ఫిట్టరూ పక్కపక్కన నిలబడి వెళ్ళిన ఊళ్ళివి. నల్లగొండ, వరంగల్లు జిల్లాల పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న కుటుంబాలు ఎక్కువ. అటువంటి ఇంట్లో బిడ్డకు తీయించిన మొదటి ఫొటో వంశచరిత్రలో మరో పుట కాదు, పట్నంలో మొదటి పుట. ఒక ప్రతి గోడకు, మరో ప్రతి కవరులో పెట్టి ఊళ్ళో ఉన్న నాయనమ్మకు. "మేము బాగున్నాం, పిల్ల బాగుంది" అని ఉత్తరంలో రాసేదానిని ఆ ఫొటో సాక్ష్యంతో సహా చెప్పాలి. ఆ సాక్ష్యంలో బొమ్మ ఒక భాగం.

(అన్నట్టు, నాచారంలో స్టూడియో అంటే రెండర్థాలు. ఒకటి మెయిన్ రోడ్డు మీద అద్దాల కిటికీలో ఫ్రేములు పెట్టుకున్న చిన్న కొట్టు. రెండోది ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ సినీ స్టూడియో. రెండింటిలోనూ వెనక తెర అబద్ధమే, ముందు నిలబడ్డవాళ్ళ ముఖాలు మాత్రం నిజం.)

ఫిల్ము కాలపు చిన్న స్టూడియో లోపలికి వెళ్ళినవారికి ఆ గది గుర్తుండే ఉంటుంది. తాజ్‌మహలో, జలపాతమో, మెట్లున్న మేడో గీసిన తెర. ఎదుట గొడుగులు తొడిగిన దీపాలు. మూలన ఒక అలమర. అందులో తీగ ఎక్కడికీ వెళ్ళని నల్ల టెలిఫోను, ప్లాస్టిక్ గులాబీల కూజా, చక్రం ఊడిన కారు, ఒక దువ్వెన, పౌడరు డబ్బా. వీటన్నిటికీ పైన, దుమ్ము పడకుండా పాలిథీన్ సంచిలో కూర్చోబెట్టిన బొమ్మ. పచ్చని జుట్టు, నీలికళ్ళు, గులాబీ బుగ్గలు, పడుకోబెడితే కళ్ళు మూసుకుంటుంది. ఫొటోగ్రాఫరు సంచి విప్పి ఆ బొమ్మను పిల్ల ఒళ్ళో పెడతాడు, తీయడం కాగానే మళ్ళీ సంచిలోకి పంపిస్తాడు. అందువల్ల ఒక వింత జరిగింది. ఒకే కాలనీలో పక్కపక్క ఇళ్ళ ఆల్బములు తీసి చూస్తే, ఒకరికొకరు ఏమీ కాని పిల్లల ఒళ్ళో ఒకే బొమ్మ కనిపిస్తుంది, అదే గౌను, అదే వంకర రిబ్బను. పిల్లలు పెరిగి పెద్దవారయ్యారు, బొమ్మ మాత్రం ఏ ఏటి ఫొటోలో చూసినా ఆ వయసులోనే ఉంది. వీధి పిల్లలందరికీ అది ఉమ్మడి తోబుట్టువు.

ఇది కపటం కదా, లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం కదా అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. పెళ్ళికి అరువు తెచ్చుకున్న నగ పెట్టుకుని ఫొటో దిగిన పెళ్ళికూతురు ఆ నగ తనదని దొంగ దస్తావేజు రాసుకోలేదు. ఆ రోజుకు అలా ఉండాలనుకుంది, అంతే. కారఖానాలో షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బిడ్డను ఎత్తుకొచ్చిన తండ్రి ఆ బొమ్మను కొనలేడు. కొనగలిగినా దాని అవసరం ఇంట్లో అన్నిటికంటే ఆఖరుది. కానీ బిడ్డ బాల్యానికి ఒక బొమ్మ ఉండి తీరాలని అతనికి తెలుసు. ఆ తెలియడమే ఫొటోలో పడింది. చరిత్రకారుడు ఆ చిత్రం చూసి "ఈ ఇంట్లో విదేశీ నమూనా బొమ్మ ఉండేది" అని రాస్తే పొరపాటు. "ఈ ఇంట్లో బిడ్డకు బొమ్మ ఉండాలన్న తలపు ఉండేది" అని రాస్తే అక్షరాలా నిజం.

అయితే ఫొటోలో పడనిది ఒకటుంది. తీయడం అయిపోయాక బొమ్మను వెనక్కి తీసుకున్నప్పటి ఏడుపు. దానిని ఏ ఆల్బములోనూ మనం చూడం. కాఫ్కా చివరి రోజుల కథ ఒకటి డోరా డయమంట్ చెప్పగా లోకానికి తెలిసింది. 1923లో బెర్లిను పార్కులో బొమ్మ పోగొట్టుకుని ఏడుస్తున్న ఒక చిన్నపిల్ల ఆయనకు కనిపించిందట. నీ బొమ్మ ప్రయాణానికి వెళ్ళింది, నాకు ఉత్తరం రాసింది అని చెప్పి, రోజుల తరబడి ఆ బొమ్మ రాసినట్టుగా ఉత్తరాలు రాసి తెచ్చి చదివి వినిపించాడట. ఉప్పల్ స్టూడియో బొమ్మ ఎక్కడికీ ప్రయాణం చేయలేదు, తరవాతి బిడ్డ ఒళ్ళోకి వెళ్ళింది. ఆ సంగతి ఏడ్చే బిడ్డకు ఏ తండ్రీ ఉత్తరంలో రాయలేడు. వచ్చే దారిలో ఒక బుడగ కొనిచ్చి ఊరుకోబెడతాడు. అదే కాఫ్కా ఐదారేళ్ళ వయసులో స్టూడియోలో దిగిన చిత్రాన్ని వాల్టర్ బెంజమిన్ 1931లో ఛాయాచిత్రకళ మీద రాసిన వ్యాసంలో వర్ణించాడు. తాటిమట్టల వంటి అలంకరణల నడుమ, బిగుతు దుస్తుల్లో, చేతిలో పెద్ద టోపీతో, అంతులేని విచారం నిండిన కళ్ళతో ఉన్న పిల్లవాడు. చేతికిచ్చిన వస్తువు పిల్లవాణ్ణి మింగేస్తుంటే కళ్ళు ఒక్కటే ఎదురు తిరిగాయి. మన ఆల్బముల్లోనూ ఆ కళ్ళు ఉన్నాయి. బొమ్మ వంక చూడకుండా, కెమెరా వంకా చూడకుండా, ఫ్రేముకు అవతల నిలబడ్డ అమ్మ వంక చూసే కళ్ళు.

బొమ్మ ఇవ్వడానికి ఒక పనిమాలిన కారణమూ ఉంది, దానినీ దాటవేయకూడదు. పిల్లల చేతులు ఊరుకోవు. పత్తొమ్మిదో శతాబ్దపు కెమెరాలకు సెకండ్ల తరబడి కదలకుండా ఉండే మనిషి కావాలి. చేతికి ఏదో ఒకటి ఇస్తే చేతులు ఒకచోట ఉంటాయి. అప్పటికీ కదిలిన పిల్లల చిత్రాల్లో ఒక విశేషం కనబడుతుంది. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, పిల్ల ముఖం మసకబారి ఉంటుంది. ఆ యంత్రానికి ప్రాణం ఉన్నది పనికిరాదు, లేనిదే నచ్చుతుంది. మనం మాత్రం తక్కువా? "బొమ్మలా కూర్చో" అన్నది స్టూడియోలో పిల్లలకిచ్చే మొదటి ఆజ్ఞ. "బొమ్మలా ఉంది పిల్ల" అన్నది ఫొటో చూసినవాళ్ళు ఇచ్చే మొదటి మెప్పు. ఈ రెండింటి మధ్య ఉన్నదంతా ఫొటోగ్రాఫరు నేర్పరితనం.

మన నగరానికి ఈ కళ రాజదర్బారు దారిలో వచ్చింది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ఒక ఆంగ్ల మహిళ ఆధ్వర్యంలో జనానా స్టూడియో కూడా నడిపించాడు. ఆ కాలపు సంస్థానాల రాచబిడ్డల చిత్రాలు చూడండి. నాలుగేళ్ళ పిల్లవాడి నడుమున కత్తి, మెడలో తన బరువంత ముత్యాలు. అక్కడ చేతికిచ్చేది ఆటవస్తువు కాదు, అధికారం. ఆ చిత్రాల్లో ఉన్నది బాలుడు కాదు, చిన్న సైజు ప్రభువు. బాల్యాన్ని బాల్యంగా చూపించాలన్న ఆలోచన మధ్యతరగతి చిన్న స్టూడియోలతోనే మన దగ్గర స్థిరపడిందని నా ఊహ. కత్తి తీసేసి బొమ్మ పెట్టారు. ఆ మార్పు చిన్నదేమీ కాదు.

కానీ ఏ బొమ్మ? ఇది నన్ను చాలాకాలం తొలిచిన ప్రశ్న. బొమ్మలకు కొదవలేని జాతి మనది. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర, ఏటికొప్పాకలో అంకుడు కర్రా లక్కా, నిర్మల్‌లో రంగుల కొయ్యబొమ్మలు. సంక్రాంతికి కొందరు, దసరాకు కొందరు బొమ్మల కొలువు తీరుస్తారు. ఇంత ఉండి, స్టూడియో అలమరలో కొండపల్లి బొమ్మ నాకు ఎన్నడూ కనిపించలేదు. మొదట ఇది మన చిన్నచూపే అనుకున్నాను. ఆలోచించగా మరో కారణం తట్టింది. కొండపల్లి బొమ్మ ఒళ్ళో కూర్చునేది కాదు. అంబారీ ఏనుగు, కల్లుగీసే గౌండ్ల, దశావతారాలు, పల్లెటూరి పనివాళ్ళు, అన్నీ నిలబడి ఉండే పెద్దమనుషుల లోకం. ఆ కొలువు ముందు పిల్ల ప్రేక్షకురాలు, లేదా ఆ చిన్న జగత్తుకు యజమానురాలు. తల్లి మాత్రం కాదు. పసిపాప ఆకారంలో ఉండి, ఎత్తుకోమని అడిగే బొమ్మ ఐరోపాలో సైతం పత్తొమ్మిదో శతాబ్దపు నడుమ నుంచే బాగా వ్యాపించింది. అంతకు ముందు అక్కడి బొమ్మలూ ఎక్కువగా పెద్దల రూపాలే. ఆ పసిబొమ్మ ప్లాస్టిక్ అవతారమెత్తి మన స్టూడియోకు వచ్చి, మన పిల్లల ఒళ్ళో కూర్చుని, కొలువు తీర్చే పిల్లను ఉన్నపళాన అమ్మను చేసింది. ఇంట్లో చేసుకున్న గుడ్డబొమ్మలు, బొమ్మల పెళ్ళిలో వధూవరులైన తాటాకు బొమ్మలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. పిల్ల నిజంగా ప్రేమించినవి అవే. చెమటతో, నూనెతో నల్లబడ్డ ఆ గుడ్డబొమ్మను స్టూడియోకు తీసుకువెళతానంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? నేను చూసిన ఆల్బముల్లో పిల్ల సొంత బొమ్మ ఉన్న చిత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మగపిల్లవాడికి టెలిఫోను లేదా కారు, ఆడపిల్లకు బొమ్మ. ఇది రాసిపెట్టని శాసనం. ఇప్పుడు ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం ఉంది కనుక బ్యాటు, కాషాయరంగు చొక్కా అదనం. ఆడపిల్లను బొమ్మతో పోల్చడంలో ఉన్న తీపీ, చేదూ గురజాడకు (1862–1915) తెలిసినంతగా మరొకరికి తెలియదు. ముసలివాడికి కట్టబెట్టిన పూర్ణమ్మను ఆయన పుత్తడి బొమ్మను చేశాడు. పుత్తడి కనుకనే వెల కట్టారు, బొమ్మ కనుకనే అడగలేదు. ఒళ్ళో బొమ్మతో, కాళ్ళకు పట్టీలతో కూర్చున్న పాత స్టూడియో పిల్లలను చూసినప్పుడల్లా ఎవరు ఎవరి ఒళ్ళో ఉన్నారన్న సందేహం నాకు కలుగుతుంది.

ఈ శాసనానికి ఒక ముచ్చటైన మినహాయింపు మన ఇళ్ళలోనే ఉంది. పుట్టువెంట్రుకలు తీయించడానికి ముందు మగపిల్లవాడికి జడ వేసి, పూలు చుట్టి, గౌనో పరికిణీయో తొడిగి, కాటుక దిద్ది ఫొటో తీయిస్తారు కదా. ఆ తరవాత యాదగిరిగుట్టకో తిరుపతికో వెళ్ళి గుండు. జడ వెనక నుంచి కనిపించాలి కనుక కొన్ని స్టూడియోల్లో అద్దం ముందు నిలబెట్టి తీస్తారు. ఆ ఒక్క రోజున మగపిల్లవాడి చేతికి కూడా బొమ్మ వస్తుంది. జీవితంలో మళ్ళీ ఎన్నడూ అతని చేతికి ఎవరూ బొమ్మ ఇవ్వరు. పెద్దయ్యాక ఈ ఫొటోను దాచెయ్యమని తల్లిని బతిమాలేవాళ్ళను చూశాను, పెళ్ళిచూపులప్పుడు ఇదే ఫొటో బయటకు తీసి నవ్వించే అత్తలనూ చూశాను. నాకు మాత్రం మొత్తం ఆల్బములో అతి మృదువైన చిత్రం అదేననిపిస్తుంది.

ఇక రంగు. దీని గురించి మర్యాదగా మాట్లాడడం కష్టం. స్టూడియో బొమ్మ గులాబీ తెలుపు, దాన్ని పట్టుకున్న చేయి చామనచాయ. తెల్లని వస్తువు పక్కన ఉంటే ఛాయాచిత్రంలో చామనచాయ మరింత నల్లగా కనిపిస్తుంది. అందుకని పిల్ల ముఖానికి పౌడరు, ఆపైన నెగెటివు మీద టచింగు, ఈనాడు కంప్యూటరులో ఒక్క మీట. అంటే ఆ బొమ్మ చేతికిచ్చిన ఆటవస్తువే కాదు, ముఖాన్ని సరిచూసుకోవలసిన కొలబద్ద కూడా. వెనకటికి కొడాక్ సంస్థ రంగుల ముద్రణ సరిచూసుకోవడానికి ల్యాబులకు తెల్లజాతి స్త్రీల ఫొటోలున్న కార్డులు పంపేది, వాటిని షర్లీ కార్డులనేవారు. మన ఫొటోగ్రాఫరుకు ఆ కార్డు చేతిలో లేకపోయినా ఆ బొమ్మ ఉంది. అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు 1940లలో 253 మంది నల్లజాతి పిల్లల ముందు నాలుగు బొమ్మలు పెట్టారు, రెండు గోధుమవర్ణంవి, రెండు తెల్లవి. మంచి బొమ్మ ఏదని అడిగితే ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మను చూపించారు. 1947లో గోర్డన్ పార్క్స్ ఈ పరీక్షను ఎబొనీ పత్రిక కోసం ఫొటో తీశాడు. 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదని ఆ దేశపు సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో ఈ పరిశోధన కూడా ప్రస్తావనకు వచ్చింది. ఆ దేశంలో పిల్లల చేతి బొమ్మ న్యాయస్థానం దాకా వెళ్ళింది. మన దగ్గర అటువంటి ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎందుకంటే మన పిల్లల ముందు రెండో రంగు బొమ్మ పెట్టినవారే లేరు.

మరొక ఊహ చెబుతాను, ఇది పూర్తిగా నా సొంతం. ఫొటోకు ముందు పిల్ల బుగ్గన దిష్టిచుక్క పెడతారు. ఫొటో తీయిస్తే ఆయుక్షీణమన్న భయం పాతతరంలో ఉండేది. పదిమంది కళ్ళు పడే చిత్రంలో పిల్లను ఒంటరిగా వదలడానికి తల్లికి మనసొప్పదు. పక్కన ఇంకో ముఖం ఉంటే చూపు చీలుతుంది. కడుతున్న ప్రతి అపార్టుమెంటుకూ ఉప్పల్‌లో దిష్టిబొమ్మ వేలాడుతుంది. అది చేసే పనే ఒళ్ళోని బొమ్మ మెల్లగా, అందంగా చేస్తోందేమో. ఏ తల్లీ నాకు ఈ మాట చెప్పలేదు. కానీ పిల్లకు చుక్కపెట్టి బొమ్మకు పెట్టకపోవడంలో ఏదో లెక్క ఉందనిపిస్తుంది.

బొమ్మకూ బింబానికీ ఉన్న చుట్టరికం మన కంట్లోనే ఉంది. కంటిపాప అంటాం. సంస్కృతంలో కనీనిక, చిన్నపిల్ల అన్న మాట నుంచి పుట్టినది. లాటినులో పుపిల్లా, అంటే చిన్నపిల్లా, చిన్న బొమ్మా. ఎదుటివారి కంటిలో మన రూపం బొమ్మంతగా కనిపించడమే ఆ పేరుకు మూలం. మన పాపకూ అదే కథ అని నమ్ముతాను. ఆఫ్రికాలో యొరూబా జాతివారి ఆచారం ఒకటి నన్ను ఈ సందర్భంలో పదేపదే వెంటాడుతుంది. వారిలో కవలలు ఎక్కువ. కవలల్లో ఒక బిడ్డ పోతే చెక్కతో చిన్న ప్రతిమ చేయించి, తల్లి దానికి స్నానం చేయించి, దుస్తులు తొడిగి, బతికున్న బిడ్డతో సమానంగా సాకుతుంది. ఛాయాచిత్రం వచ్చాక కొన్నిచోట్ల ఆ ప్రతిమ స్థానాన్ని ఫొటో తీసుకుంది. పోయిన బిడ్డ ఫొటో ముందుగా లేకపోతే, ఉన్న బిడ్డనే రెండుసార్లు తీసి పక్కపక్కన ముద్రించి ఇద్దరిని చేస్తారు. కవలల్లో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ఉన్న బిడ్డకే రెండు వేషాలూ వేస్తారు. స్టీఫెన్ స్ప్రేగ్ 1978లో దీని గురించి రాశాడు. చెక్కబొమ్మా, ఫొటోబొమ్మా ఒకటే పని చేయగలవని వారు ఆచరణలో నిరూపించారు. మనం మాటలో మాత్రమే నిరూపించాం.

ఇక నేటి సంగతి. ఈ కొట్లకు ఇప్పుడు నిలకడగా దొరికే పని పాస్‌పోర్టు సైజు ఫొటోలు. బడిలో చేర్చడానికి, వీసాకు, ఇంకా సవాలక్ష కాగితాలకు. పాస్‌పోర్టు ఫొటోకు అంతర్జాతీయ నియమాలున్నాయి. చంటిబిడ్డ అయినా సరే బొమ్మ కనిపించకూడదు, కుర్చీ వీపు కనిపించకూడదు, తల్లి చేయి కనిపించకూడదు. ప్రభుత్వానికి కావలసిన బిడ్డ చేతిలో ఏమీ లేని బిడ్డ, ఎవరికీ చెందని ముఖం. ఈ నియమం చదివిన రోజున పాత అలమరలోని ఆ దుమ్ముబొమ్మ మీద నాకు గౌరవం పెరిగింది.

రెండో పని, ఈ పదేళ్ళలో బాగా పెరిగినది, నవజాత శిశువుల చిత్రీకరణ. పుట్టిన పది పదిహేను రోజుల్లోనే, ఇంకా మెడ నిలవని బిడ్డను గాఢంగా నిద్రపోతుండగా తీసుకువెళ్ళి, లేదా వాళ్ళనే ఇంటికి పిలిపించుకుని, మెత్తని గుడ్డలో మమ్మీలా చుట్టి, వెదురు బుట్టలోనో, చెక్క చందమామ మీదనో, పెంకు పగిలిన గుడ్డులోనో పడుకోబెట్టి తీస్తారు. తలకు పట్టీ, వీపుకు రెక్కలు. రెండు చేతుల మీద గడ్డం ఆనించి కప్పలా కూర్చున్నట్టుండే భంగిమ ఒకటుంది. అది సహజంగా సాధ్యం కాదు. ఒకరు తల పట్టుకోగా ఒకటి, చేతులు పట్టుకోగా మరొకటి తీసి, పట్టుకున్న చేతులను కంప్యూటరులో తుడిచేసి, రెండింటినీ కలుపుతారు. విక్టోరియా కాలంలో బిడ్డ కదలకుండా తల్లే ముసుగు కప్పుకుని కుర్చీలా వెనక కూర్చునేది. ఆ దాక్కున్న తల్లి ఇప్పుడు పూర్తిగా మాయమైంది. ఫలితంగా వచ్చే చిత్రం ఎంతో అందంగా ఉంటుంది, కాదనను. కానీ అందులో బిడ్డ చేతిలో బొమ్మ ఉండదు. ఉండనక్కరలేదు. కళ్ళు మూసుకుని, గులాబీరంగు దిద్దుకుని, ఎలా వంచితే అలా వంగి ఒదిగిపోయిన ఆ బిడ్డే పడుకోబెడితే కళ్ళు మూసే పాత స్టూడియో బొమ్మ.

"పాత చిత్రాల్లోనూ బిడ్డ మాట ఎవరడిగారు?" అని మీరు అడగవచ్చు. అడగలేదు. కానీ ఆ బిడ్డ మేలుకుని ఉంది. మొహం చిట్లించింది, బొమ్మ చేయి పీకింది, ఒళ్ళోంచి కింద పడేసింది, ఏడ్చింది. ఫొటోగ్రాఫరు "ఇటు చూడమ్మా, పిట్ట వస్తుంది" అని బతిమాలవలసి వచ్చింది. ఆ బేరం ఆనవాలు చిత్రంలో ఎక్కడో ఒకచోట మిగిలింది, వంకరైన పెదవిలోనో, బిగించిన పిడికిలిలోనో. నిద్రపోతున్న బిడ్డతో బేరం లేదు. పైగా పాత ఫొటో చూసినవారు ఇంటికి వచ్చిన చుట్టాలు, ఊళ్ళో నాయనమ్మ. ఇప్పటిది సాయంత్రానికి ఎవరెవరి ఫోన్లలోకో వెళ్ళిపోతుంది, పేరుతో, పుట్టిన తేదీతో, బరువుతో సహా. ఫొటోలు తీయించడం మానెయ్యమని నేను అనను, నా మాట వినేదెవరు? ఏడాది ఆగి, బిడ్డ కూర్చోగలిగాక, ఇంట్లో ఆ బిడ్డ చప్పరించి పాడుచేసిన బొమ్మనే చేతికిచ్చి తీయండి అంటాను. బొమ్మ ఉతికి తేనక్కరలేదు.

చిత్రాల వెనక మనం బిడ్డ పేరు, తేదీ రాస్తాం. చేతిలో బొమ్మ ఎవరిదో రాయం. ఆ వివరం ఇంట్లో ఒకరికో ఇద్దరికో మాత్రమే తెలిసి ఉంటుంది, ఎక్కువగా అమ్మమ్మలకు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఆల్బము దించి అడగండి. మగవాళ్ళు సిగ్గుపడకుండా ఆ పూలజడ ఫొటో కూడా ఒకసారి వెతకండి, చేతిలో ఏముందో చూడటానికి.